పావు వోల్టు

సభను నడుపుతున్న విశ్వనాథం గారికీ, వేదిక మీది పెద్దలకీ, పొద్దుటి నుంచి పులిహోర కలుపుతూ ఇప్పుడే చేతులు కడుక్కుని వచ్చి వెనక వరసలో కూర్చున్న అరుణశ్రీకీ ఆమె బృందానికీ, చాంగీ బిజినెస్ పార్కులో వారమంతా నా గొంతు విని ఆదివారం కూడా వినడానికి వచ్చిన నా సహోద్యోగులకీ, బూన్ లే నుంచి ఈ కొసనున్న పుంగ్గోల్ దాకా ఊరిని అడ్డంగా దాటి వచ్చిన తమ్ముళ్ళకీ, కుర్చీల మధ్య పరుగెడుతున్న పిల్లలకీ నా నమస్కారాలు.

నా రిటైర్మెంటుకని విశ్వనాథం గారు చదివిన సన్మాన పత్రం వింటూ, ఇంత గొప్ప మనిషి ఎవరబ్బా అని నేను కూడా వెనక్కి తిరిగి చూశాను. (నవ్వులు) నిజంగా చాలా బాగా రాశారు. నా పేరుకి ముందు ఎన్ని విశేషణాలున్నాయంటే, పేరు వచ్చేసరికి మా అమ్మాయి అలేఖ్య ఒక కునుకు తీసి లేచింది. కానీ అందులో ఒక వాక్యం మీద నాకు అభ్యంతరం ఉంది. "తన ఉద్యోగ జీవితంలో ఒక్క అంతరాయమైనా రానివ్వక విద్యుత్తును ప్రవహింపజేసిన సుభద్ర గారు" అని చదివారు. అది తప్పండీ. ఒక అంతరాయం ఉంది. అది దానంతట అది వచ్చింది కాదు. నేను తెచ్చాను. పట్టపగలు, తెలిసి, ఈ కుడిచేత్తో తెచ్చాను.

"అదంతా ఇప్పుడెందుకండీ సుభద్ర గారూ, మంచి సందర్భం కదండీ" అంటున్నారు విశ్వనాథం గారు, మైకుకి చెయ్యి అడ్డం పెట్టి. మీ చెయ్యి చిన్నదండీ, మైకు పెద్దది, అందరికీ వినబడింది. (నవ్వులు) మంచి సందర్భం కాబట్టే చెబుతాను. ఏడాదిగా ఈ కథ నా వెనకాల రకరకాలుగా తిరుగుతోంది. సుభద్ర గారికి కోపం వచ్చి బ్యాంకు కరెంటు తీసేశారని ఒకరు, వయసు మీద పడి తికమకపడ్డారని ఒకరు, మేనేజరుతో పడక కక్ష తీర్చుకున్నారని ఇంకొకరు. ఆ మేనేజరు గారు కూడా ఇవాళ ఇక్కడే ఉన్నారు. రెండో వరసలో నీలం చొక్కా. అభిజిత్ గారూ, మీరు కంగారు పడకండి. నిన్న ఫోన్ చేసి "మేడం, నేను రావచ్చా?" అని అడిగితే "రండి, భోజనం కూడా ఉంది" అన్నాను. భోజనానికి ముందు నా మాటలున్నాయని మాత్రం చెప్పలేదు. (నవ్వులు)

ఇక్కడున్న పిల్లలకీ, కొత్తగా వచ్చిన వాళ్ళకీ తెలియదు కాబట్టి నేనేం చేసేదాన్నో చెబుతాను. నేను ఎలక్ట్రికల్ ఇంజినీర్ని. వరంగల్‌లో చదువుకునే రోజుల్లో మా క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. పాల్వంచలో కరెంటు తయారయ్యే చోట పనిచేశాను. ఈ సింగపూరుకి వచ్చాక జురాంగ్‌లో ఫ్యాక్టరీల్లో చేశాను. చివరి ఉద్యోగం చాంగీలో, కంప్యూటర్లు మాత్రమే కాపురముండే ఒక భవనంలో. డేటా సెంటర్ అంటారు. మీరంతా బ్యాంకులకి ప్రోగ్రాములు రాస్తారు కదా, ఆ ప్రోగ్రాములు చివరికి ఎక్కడో ఒక ర్యాకులో, అంటే ఇనప బీరువాలో, కూర్చోవాలి. ఆ బీరువాకి కరెంటు కావాలి. ఆ కరెంటు నా బాధ్యత.

ఇప్పుడున్న జోరు మీకు నేను చెప్పాలా? ఎక్స్‌పో స్టేషన్‌లో పొద్దున రైలు దిగితే మా ఖమ్మం బస్టాండులో దిగినట్టు ఉంటుంది, అంత తెలుగు. నిరుడు మా భవనంలో అంతస్తుకి రంగు ఆరకముందే బీరువాలు లారీల్లో వచ్చేవి. ఒక బ్యాంకు మొత్తం అంతస్తు తీసుకుంది. ఆ అంతస్తుకి కరెంటు రావడానికి రెండు దారులుండాలి, ఒకటి ఆపితే రెండోది నడవడానికి. రెండో దారి ఇంకా పూర్తి కాలేదు. అయినా బ్యాంకు వాళ్ళు దిగిపోయారు, ఎందుకంటే దిగవచ్చని మావాళ్ళు మాట ఇచ్చేశారు.

కింద గదిలోంచి పై అంతస్తులకి కరెంటు తీగల్లో వెళ్ళదు, మందపాటి రాగి పట్టీల్లో వెళుతుంది. ఒక పట్టీ ఇంకో పట్టీని కలిసే చోట బోల్టులతో బిగిస్తారు. ఆ అతుకుల మీద రేకు డబ్బాలుంటాయి. ఆ గదిని చూసుకునేవాడు యాకూబ్. యాకూబ్, ఒకసారి లేచి నిలబడు నాయనా. ప్రొద్దుటూరు దగ్గరి వాడు. బూన్ లే వైపు షిప్‌యార్డులో పనిచేసి తర్వాత మా దగ్గరికి ఎలక్ట్రీషియన్‌గా వచ్చాడు. సరే, కూర్చో, అందరూ చూశారు.

ఒకరోజు యాకూబ్ నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడం, ఒక డబ్బా మీద చెయ్యి పెడితే ఎచ్చగా ఉండాది. పక్క డబ్బాలు సల్లగా ఉండాయి. ఒకసారి వచ్చి సూడండి" అన్నాడు. వెళ్ళాను. నిజమే. వెచ్చదనం ఒక్కటే చెబితే ఎవరూ వినరు, సింగపూరులో వెచ్చగా లేనిదేముంది అంటారు. అందుకని చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, మూత తీయించి, అతుకుకి ఈ పక్క ఒక మొన, ఆ పక్క ఒక మొన ఆనించి వోల్టేజి కొలిచాను. పావు వోల్టు. పట్టీలో ఎంత కరెంటు పోతోందో చూశాను. వెయ్యి ఆంపియర్లు.

ఇక్కడ ఒక్క రెండు నిమిషాలు లెక్క చెప్పాలి. అరుణశ్రీ, నువ్వు లేవకు, పులిహోర ఎక్కడికీ పోదు. (నవ్వులు) ఇది మీరంతా పదో తరగతిలో చదివి, పరీక్ష రాసి, హాలు బయటే వదిలేసి వచ్చిన లెక్క. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు వస్తుంది, మన పాఠ్యపుస్తకంలో నిరోధం అన్నారే, అది. అంటే కరెంటు అక్కడ ఎంత ఇరుకుగా నడుస్తోందో తెలుస్తుంది. అదే వోల్టేజిని అదే కరెంటుతో గుణిస్తే పవరు వస్తుంది, అంటే అక్కడ ప్రతి సెకనూ ఎంత శక్తి వేడిగా మారిపోతోందో తెలుస్తుంది. రెండే కొలతలు. భాగిస్తే జబ్బు తెలుస్తుంది, గుణిస్తే జ్వరం తెలుస్తుంది.

పావు వోల్టుని వెయ్యితో భాగిస్తే ఒక ఓములో నాలుగు వేలో వంతు. అది చాలా చిన్న అంకె. చూస్తే నవ్వొస్తుంది. కానీ పక్కనున్న మంచి అతుకు దగ్గర కొలిస్తే వోల్టులో నూరో వంతే వచ్చింది. అంటే ఈ అతుకు దానికంటే పాతిక రెట్లు ఇరుకు. ఇప్పుడు గుణించండి. మంచి అతుకు దగ్గర పది వాట్లు, అది డబ్బాని గోరువెచ్చగా కూడా చేయదు. ఈ అతుకు దగ్గర రెండు వందల యాభై వాట్లు. మూత బిగించిన టిఫిను డబ్బాలో వంద వాట్ల బల్బులు రెండున్నర వెలుగుతున్నాయనుకోండి. రాత్రీ పగలూ.

నేను అభిజిత్ గారి గదికి వెళ్ళి, ఈ అతుకు విప్పి బాగుచెయ్యాలి, దానికి ఆ అంతస్తుకి కరెంటు ఆపాలి అన్నాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు. అది ఆయన మంచితనం, అది కూడా చెబుతాను.

"మేడం, పావు వోల్టే కదా" అన్నారు. "టీవీ రిమోట్లో వేసే సెల్లు ఒకటిన్నర వోల్టు. నాలుగు వందల వోల్టుల సిస్టంలో పావు వోల్టు పోతోందని బ్యాంకు వాళ్ళకి చెప్తే నవ్వుతారు. గురువారం వాళ్ళ కొత్త ర్యాకులు వస్తున్నాయి. తర్వాతి ఆదివారం షట్‌డౌన్ ఇస్తాను, అప్పుడు చేసుకోండి."

"ర్యాకులు వస్తే కరెంటు ఎంతవుతుంది?"

"ఒకటిన్నర రెట్లు. అయితే ఏమైంది? వేడి కూడా ఒకటిన్నర రెట్లు అవుతుంది. పక్కన ఒక ఫ్యాను పెట్టండి."

నేను ఆయన గోడ మీది తెల్ల బోర్డు దగ్గరికి వెళ్ళాను. "కరెంటు ఒకటిన్నర రెట్లు అయితే ఆ అతుకు దగ్గర వోల్టేజి కూడా ఒకటిన్నర రెట్లు అవుతుంది. పవరు అంటే ఆ రెండింటి గుణకారం. పెరుగుదల రెండుసార్లు వచ్చి పడుతుంది. రెండు వందల యాభై కాస్తా ఐదు వందల అరవై దాటుతుంది. అది ఇస్త్రీ పెట్టె, అభిజిత్ గారూ. ఇస్త్రీ పెట్టెని బట్ట మీద బోర్లించి, స్విచ్చి వేసి, గదికి తాళం పెట్టి ఊరెళ్ళడమే. పైగా వేడెక్కిన అతుకు ఇంకా ఇరుకవుతుంది. నా లెక్క నిలబడే లెక్క కాదు, పెరిగే లెక్క."

ఆయన బోర్డు వంక చూశారు. తర్వాత వాచీ వంక చూశారు. నేను ఆయన్ని తప్పుపట్టను, ఆ రోజుల్లో అందరం వాచీలే చూశాం. "మేడం, గురువారం లోడ్ ఎక్కించడానికి మీ సంతకం కావాలి" అన్నారు. నేను పెట్టనన్నాను. "మీరు పెట్టకపోతే కన్సల్టెంటు పెడతాడు." పెట్టించుకోండి అన్నాను. పెట్టించుకున్నారు. గురువారం పొద్దున్నే ర్యాకులు వెలిగాయి. మేనేజ్‌మెంటు మిఠాయిలు పంచింది. నా బల్ల మీద కూడా ఒక పెట్టె పెట్టారు, అది చాలా రోజులు అలాగే ఉంది.

కాసిని మంచినీళ్ళు ఇవ్వమ్మా.

ఇంతవరకూ జరిగింది ఏ ఆఫీసులోనైనా జరిగేదే. నేను వద్దన్నాను, వాళ్ళు చేశారు. నేను నా అభ్యంతరం నమోదు చేసి ఇంటికి వెళ్ళి పడుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు, వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు. నేను కూడా బహుశా అలాగే చేసేదాన్ని. గురువారం మధ్యాహ్నం భోజనం చేసి, ఊరికే చూద్దామని ఆ గదిలోకి వెళ్ళాను. ఆ డబ్బాకి ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద యాకూబ్ కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో థర్మామీటరు తుపాకీ, కాళ్ళ దగ్గర మంటలార్పే సిలిండరు.

"ఏం చేస్తున్నావు యాకూబ్?"

"నన్ను ఈడ కూచోమన్నారు మేడం. ఆదివారం దాకా మాకు డ్యూటీలు ఏసినారు, ఒకరి ఎనక ఒకరం. ఎచ్చదనం సూస్తా ఉండాల. పెరిగితే ఫోన్ సెయ్యాల."

"పెరుగుతోందా?"

"పెరగతా ఉండాది. ఫోన్ సేసినా. సూస్తా ఉండు అన్నారు."

నేను మళ్ళీ తొడుగులు వేసుకున్నాను. కరెంటు నేను చెప్పినంతే ఉంది, పదిహేను వందల ఆంపియర్లు. అతుకు మారకుండా ఉంటే వోల్టేజి మూడెనిమిదో వంతుకి, అంటే సున్నా పాయింట్ మూడు ఏడు ఐదుకి, మించకూడదు. దాదాపు అర వోల్టు చూపించింది, సున్నా పాయింట్ నాలుగు ఐదు. గుణిస్తే ఆరు వందల డెబ్భై ఐదు వాట్లు. బోర్డు మీద నేను రాసినదాన్ని అది అప్పుడే దాటిపోయింది. మూత అంచు దగ్గర, కాలిన బేకలైటు వాసన తెలిసినవాళ్ళకి తెలుస్తుంది, ఆ వాసన సన్నగా మొదలైంది.

అయ్యా, అలాంటి అతుకు ఒకసారి తెగితే అది బల్బు మాడిపోయినట్టు నిశ్శబ్దంగా మాడిపోదు. రాగి ఆవిరై పేలుతుంది. ఎదురుగా ఉన్నవాడి దగ్గర సిలిండరు ఉంటే ఏమిటి, థర్మామీటరు ఉంటే ఏమిటి? నాకు కోపం వచ్చిన మాట నిజం. అది పావు వోల్టు గురించి కాదు, ర్యాకుల గురించి కూడా కాదు. మా లెక్కలో తేడా వచ్చినప్పుడు దాన్ని సరిచెయ్యకుండా, దాని ముందు ఒక మనిషిని కూర్చోబెట్టారు. అది నేను ఒప్పుకోలేదు. ఇవాళ కూడా ఒప్పుకోను.

"యాకూబ్, నువ్వు బయటికి వెళ్ళు."

"డ్యూటీ మేడం. పోతే వర్క్ పర్మిట్‌కి ఇబ్బంది అయితాది."

"నేను పొమ్మన్నానని చెప్పు. తలుపు తీసే ఉంచి పో."

అభిజిత్ గారికి ఫోన్ చేశాను. లైన్లో బ్యాంకు వాళ్ళు కూడా ఉన్నారేమో, గొంతు తగ్గించి, "మేడం, దయచేసి దేన్నీ ముట్టుకోకండి. సాయంత్రం మాట్లాడదాం" అన్నారు. సాయంత్రం అనే మాట వినగానే నాకు స్పష్టంగా తెలిసిపోయింది. పైన కంట్రోల్ రూముకి చెప్పాను, బ్యాంకు అంతస్తు యంత్రాలన్నీ పద్ధతిగా మూసుకోమనండి, పది నిమిషాలు ఇస్తున్నాను, తర్వాత కరెంటు ఉండదు అని. వాళ్ళు ఇది డ్రిల్లా అని అడిగారు. కాదన్నాను. పది నిమిషాలు ఆగాను. నా జీవితంలో అంత పొడుగు పది నిమిషాలు ఎరగను, ఎందుకంటే ఆ పది నిమిషాలూ ఆ స్టూలు ఖాళీ చేయించి ఆ గదిలో ఉన్నది నేను. తర్వాత అక్కడే ఉన్న బ్రేకరు దించాను.



బ్రేకరు పడిన శబ్దం తర్వాత ఒక మౌనం వస్తుంది. ఫ్యాన్లు ఆగిపోతాయి. పై అంతస్తులో అంత బ్యాంకు, ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. గంటకు పైగా ఆగింది. తర్వాత ఏం జరిగిందో ఇక్కడున్న మా ఆఫీసు వాళ్ళకి తెలుసు. ఫోన్లు, పరుగులు, బ్యాంకు పెద్దమనుషులు కార్లలో రావడం. మేం అతుకు విప్పాం. బోల్టు వదులవకుండా కింద ఉండాల్సిన స్ప్రింగు వాషరు లేదు, హడావిడిలో ఎవరో వెయ్యడం మరిచిపోయారు. రాగి పట్టీ ముఖం నల్లబారింది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తొడుగు గోధుమ రంగుకి తిరిగి, వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. కొత్త బోల్టులు వేసి, పట్టీలు శుభ్రం చేసి, బిగించి, మళ్ళీ కరెంటు ఇచ్చాక కొలిస్తే పదిహేను వందల ఆంపియర్ల మీద వోల్టులో నూరో వంతు, ఆపైన కొంచెం. డబ్బా చల్లబడింది. యాకూబ్ దాని మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

విచారణ పెట్టారు. ముగ్గురు పెద్దలు, ఎదురుగా నేను. వాళ్ళు ఇంగ్లీషులో అడిగింది తెలుగులో చెబుతాను.

"ఆ రోజు ఆ అతుకు పేలిందా?"

"లేదు."

"మంటలు వచ్చాయా?"

"లేదు."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు."

"మరి మీరు ఆపింది దేన్ని?"

"మీరిప్పుడు అడిగిన ఆ మూడింటినీ" అన్నాను.

వాళ్ళకి ఆ జవాబు నచ్చలేదు. బయటినుంచి పిలిపించిన నిపుణుడు ఒకాయన, ఈ అతుకు ఆదివారం దాకా నిలబడి ఉండే అవకాశం కూడా ఉంది అన్నాడు. నన్ను అడిగారు, కాదంటారా అని. కాదనలేదు. ఉండవచ్చు. ఆదివారం దాకా కాదు, వచ్చే ఏడాది దాకా కూడా నిలబడి ఉండవచ్చు. నేను జాతకం చెప్పలేదు, కొలత చెప్పాను. పెరుగుతున్న వేడి ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి ఆ అవకాశం మీద పందెం కాయడానికి ఆ మనిషి ప్రాణం మనది కాదు కదా అన్నాను. జరగనిదానికి సాక్ష్యం ఉండదు. జరిగి ఉంటే నన్ను మెచ్చుకునేవారు, పేపర్లో కూడా వేసేవారు. జరగలేదు కాబట్టి నేను దోషిని. ఈ లెక్క నాకు పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు.

యాకూబ్‌ని కూడా పిలిచారు. మేడం ఆ రోజు కంగారుగా, కోపంగా ఉన్నారని చెబితే చాలు అని ముందుగా ఎవరో చెవిలో వేశారట. అతని పర్మిట్ అప్పుడే రెన్యువల్‌కి ఉంది. లోపలికి వెళ్ళి అతను చెప్పింది ఇదీ: "మేడం నన్ను బైటికి పొమ్మన్నారు. ఆ తర్వాత ఆమె ఒక్కతే ఆడ నిలబడింది. కంగారుగా ఉండేటోళ్ళు ఆడ నిలబడరు సార్." పర్మిట్ రెన్యువల్ అయింది, కొన్ని వారాలు ఆలస్యంగా. ఆ వారాలు అతనికి నిద్ర లేదని అతను నాకు చెప్పలేదు, అతని గదిలో ఉండే వాళ్ళు చెప్పారు.

ఇంట్లో మా అలేఖ్య చెప్పిన సలహా కూడా చెబుతాను, తను ఇక్కడే ఉంది కాబట్టి. "అమ్మా, జస్ట్ సే సారీ లా. వన్ లైన్ ఓన్లీ. ఎవ్రీబడీ డస్ ఇట్" అంది. (నవ్వులు) నవ్వకండి, అది నా మీద ప్రేమతోనే అన్నది. సారీ దేనికి అమ్మా అని అడిగాను. కాస్త ఆలోచించి, "టెన్ మినిట్స్ మోర్ ఇవ్వనందుకు?" అంది. అదొక్కటే నాకు న్యాయంగా తోచిన విమర్శ. నిజంగా ఇరవై నిమిషాలు ఇవ్వవలసిందేమో. కానీ ఆ ఇరవై నిమిషాలు ఆ గదిలో నేను నిలబడలేకపోయేదాన్ని, భయం నాకూ ఉంటుంది.

నాకు హెచ్చరిక ఇచ్చారు. సంస్థ ప్రయోజనాలకు విరుద్ధంగా, అధికారాన్ని మించి ప్రవర్తించానని. కింద అభిజిత్ గారి సంతకం. నన్ను ఆ గదుల్లోకి రానివ్వకుండా, ట్రైనింగ్ అనే పేరు పెట్టి ఒక మూల బల్ల ఇచ్చారు. ట్రైనింగ్‌కి ఎవరినీ పంపలేదు. తాళాలు అప్పజెప్పిన రోజు నా చేతికి ఏమీ తోచలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆ తాళాల గుత్తి నా చీర కుచ్చెళ్ళ పక్కన బరువుగా ఉండేది. ఆ బరువు పోయాక నడక కూడా కొత్తగా అయింది. ఇంటికి వెళ్ళి ఏడ్చాను. ఇది కూడా చెప్పాలి, లేకపోతే నేనేదో ఉక్కు మనిషినని మీరు మళ్ళీ సన్మాన పత్రంలో రాసేస్తారు.

కొద్ది నెలలకి మా సంస్థలో రెండు కొత్త నియమాలు వచ్చాయి. ఒకటి, లోపం ఉందని తెలిసిన ప్యానెల్ ఎదుట మనిషిని కాపలా పెట్టకూడదు. రెండు, లోడ్ పెంచే ముందు ప్రతి అతుకు దగ్గరా వోల్టేజి కొలిచి, రెసిస్టెన్సు, పవరు లెక్కకట్టాలి. ఆ నియమాలు ఎందుకొచ్చాయో ఎక్కడా రాయలేదు. రాయకపోయినా ఫరవాలేదు. వాటిని రాసింది అభిజిత్ గారు. నాకు ఈమధ్యే తెలిసింది. అభిజిత్ గారూ, మీరు తల వంచుకోనక్కరలేదు. హెచ్చరిక మీద సంతకం పెట్టిన చేతితోనే ఆ నియమాలు కూడా రాశారు. నేను మొదటిదాన్ని మరిచిపోను, రెండోదాన్ని కూడా మరిచిపోను. ఆ రెంటినీ కలిపి సున్నా చేసే లెక్క నాకు రాదు.

ఇక నా తర్వాతి సంగతి. ట్రైనింగ్ బల్ల ఇచ్చారు, శిష్యులని ఇవ్వలేదు అన్నాను కదా. శిష్యులని నేనే వెతుక్కున్నాను. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు బూన్ లేలో ఒక హాకర్ సెంటర్లో, భోజనాల రద్దీ తగ్గాక, యాకూబ్ ముందుగా వెళ్ళి బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసి, అంటే జాగా పట్టి, ఉంచుతాడు. సింగపూరులో టిష్యూ ప్యాకెట్టు పెట్టిన జాగా రిజిస్ట్రేషన్ అయిన జాగాతో సమానం. (నవ్వులు) షిప్‌యార్డుల్లో, కట్టడాల్లో పనిచేసే మనవాళ్ళు వస్తారు. మీటరు పట్టుకోవడం, కొలవడం, భాగించడం, గుణించడం. కొందరు వైర్లు బిగించడంలో నాకంటే నేర్పరులు, లెక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. కొందరికి పాతికతో గుణించడం కూడా రాదు, నేర్చుకుంటున్నారు. కాఫీ కప్పుల మధ్య చదువు.

మన సంఘంలోనే ఒక పెద్దమనిషి, పేరు చెప్పను, ఆయన ఈ హాల్లోనే ఉన్నారు, నన్ను పక్కకి పిలిచి, "ఆంటీ, వాళ్ళకి ఇవన్నీ నేర్పితే రేపు సూపర్‌వైజర్లకి ఎదురు చెబుతారు. ఉన్న ఉద్యోగాలు పోతాయి. మన కమ్యూనిటీకి చెడ్డపేరు" అన్నారు. అయ్యా, నేను ఎదురు చెప్పడం నేర్పడం లేదు. కొలవడం నేర్పుతున్నాను. తన చేతిలోని మీటరు ఒక అంకె చూపించాక, ఆ అంకె ముందు నిలబడాలో, తలుపు తీసుకుని బయటికి రావాలో ఆ మనిషి తేల్చుకుంటాడు. అది కూడా తెలియకుండా ఉంచి కాపాడే పేరు మన కమ్యూనిటీకి అక్కరలేదు. మీకు కావాలంటే మీరు ఉంచుకోండి. (చప్పట్లు) చప్పట్లు ఆపండి, ఆయన నొచ్చుకుంటారు. ఆయన మొన్నటి నుంచి ఆ కాఫీల బిల్లు కడుతున్నారు కూడా. (నవ్వులు) మనుషులు అంత తేలిగ్గా ఒక పక్కకి ఒరగరు, అందుకే వాళ్ళతో పోట్లాడబుద్ధి అవుతుంది.

చివరిగా ఒక మాట. పోయిన వారం ఆఫీసులో నన్ను పిలిచి, కాఫీ ఇచ్చి, చాలా మర్యాదగా ఒక ప్రతిపాదన చెప్పారు. రిటైరవుతున్నారు కదా, ఆ హెచ్చరిక మీ రికార్డులో ఎందుకు, తీసేస్తాం, మీరు ఒక్క వాక్యం రాసిస్తే చాలు, ఆ రోజు నా నిర్ణయం తొందరపాటు అని. వయసు పెద్దదైంది, పేరు శుభ్రంగా ఉంటే పిల్లలకీ బాగుంటుంది అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. నేను కాఫీ తాగాను. కప్పు కింద పెట్టి, "ఉండనివ్వండి" అన్నాను. "ఏది, మేడం?" అన్నారు. "హెచ్చరిక. అది నాదే. నేను సంపాదించుకున్నదే. తీసేస్తే ఆ రోజు ఆ గదిలో నేను లేననే అర్థం వస్తుంది. నేను ఉన్నాను."

ఈ శాలువా ఇచ్చిన విశ్వనాథం గారికి కృతజ్ఞతలు. నా కోసం నోరు విప్పిన యాకూబ్‌కి, నాతో పోట్లాడినా నా పక్కనే కూర్చున్న అలేఖ్యకి, ఇంత పొడుగు ప్రసంగం వింటూ అన్నం చల్లారనిచ్చిన అరుణశ్రీకి, రమ్మంటే వచ్చి చివరిదాకా లేవకుండా కూర్చున్న అభిజిత్ గారికి, మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు ప్రేమతో ఇస్తున్న విశ్రాంతి పుచ్చుకుంటాను. క్షమాపణ మాత్రం ఇవ్వకుండానే వెళుతున్నాను. సెలవు.